కత్తెర పట్టిన చేత్తో రాసిన మూకీల చరిత్ర

సినిమా తారల మీద వచ్చే పుస్తకాల్లో చాలావాటికి రెండే దారులు. ఒకటి హారతి పట్టడం, రెండోది చెవులు కొరుక్కోవడం. మొదటి రకంలో తార పుట్టుకతోనే తార. రెండో రకంలో ఆమె ఎవరితో తిరిగింది, ఎంత తాగింది, ఆస్తి ఎవరు కాజేశారు అన్నదే కథ. రెండింట్లోనూ కనపడనిది పని. పొద్దున్నే మేకప్ వేసుకుని కెమెరా ముందుకొచ్చినవాళ్లు సాయంత్రం దాకా ఏం చేశారు? ఫలానా షాటు ఎలా కుదిరింది? కుదరకపోతే ఏం చేశారు? ఈ సంగతులు అడిగి, వచ్చిన జవాబుల్ని జాగ్రత్తగా పేర్చిన పుస్తకాలు ఏ భాషలోనైనా తక్కువే. వాటిలో నేను మొట్టమొదట పేరు చెప్పేది కెవిన్ బ్రౌన్లో రాసిన ‘ది పరేడ్స్ గాన్ బై’. హాలీవుడ్ మూకీల కాలం గురించి 1968లో వచ్చిన పుస్తకమిది. న్యూయార్క్‌లో క్నాఫ్, లండన్‌లో సెకర్ అండ్ వార్‌బర్గ్ సంస్థలు వేశాయి. పడుకుని చదివే పుస్తకం కాదు. సుమారు 600 పేజీల బరువుకి చేతులు నొప్పెడతాయి.

అప్పటికి బ్రౌన్లో వయసు 30. ప్రొఫెసరూ కాదు, పత్రికా విలేఖరీ కాదు. ఇంగ్లండులో సినిమా ఎడిటర్‌గా బతుకుతున్నవాడు. ఈ పుస్తకం వచ్చిన ఏడాదే విడుదలైన ‘ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ సినిమాకి ఎడిటింగ్ చేసింది ఇతనే. అంతకుముందు, 18 ఏళ్ల వయసులో ఆండ్రూ మోలో అనే ఇంకో కుర్రాడితో కలిసి ‘ఇట్ హాపెన్డ్ హియర్’ అని సొంత సినిమా మొదలుపెట్టి, చేతిలో డబ్బు లేక, దాన్ని ఎనిమిదేళ్లు లాక్కొచ్చి పూర్తిచేశాడు. పుస్తకం చదువుతున్నంతసేపూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఏది ఉంచాలో, ఏది కోసెయ్యాలో, ఏ ముక్క పక్కన ఏ ముక్క అతకాలో తెలిసిన చెయ్యి ప్రతి అధ్యాయంలోనూ కనిపిస్తుంది.

మూకీల పిచ్చి అతనికి చిన్నప్పుడే పట్టింది. 11 ఏళ్లప్పుడు ఇంట్లోవాళ్లు ఓ చిన్న ప్రొజెక్టరు కొనిచ్చారు. ఇళ్లల్లో సినిమాలు వేసుకోవడానికి పాతే కంపెనీ తెచ్చిన 9.5 మిల్లీమీటర్ల రకం అది. దానికి సరిపడే పాత రీళ్ల కోసం షాపులన్నీ గాలించేవాడు. 15 ఏళ్లప్పుడు ఫ్రెంచి దర్శకుడు ఆబెల్ గాన్స్ 1927లో తీసిన ‘నెపోలియన్’ తాలూకు రెండు రీళ్లు చేతికొచ్చాయి. మిగతా సినిమా ఎక్కడుందో వెతకడం అప్పుడు మొదలుపెట్టాడు. జీవితంలో ఎక్కువ భాగం ఆ వెతుకులాటకే పోయింది.

1960లలో మూకీ అంటే జనం దృష్టిలో నవ్వులాట. టీవీలో వేస్తే మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడిచేవాళ్లు, వెనకాల ఎవరో పియానో టకటకలాడించేవాడు, పైనుంచి ఇంకెవరో జోకులు చెప్పేవాడు. కొత్తగా పుట్టిన కళ, పాపం, నడక రాని దశలో ఉందని పెద్దలూ సరిపెట్టుకునేవారు. బ్రౌన్లో ఈ అభిప్రాయం మీదే దెబ్బకొట్టాడు. అదీ ఉపన్యాసం ఇచ్చి కాదు, వస్తువు దగ్గరికెళ్లి. ఆ రోజుల్లో కెమెరాని చేత్తో తిప్పేవారు. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు తిప్పితే 16. టాకీలు వచ్చాక వేగం 24కి స్థిరపడింది. నెమ్మదిగా తీసిన సినిమాని టాకీ ప్రొజెక్టర్లో పెడితే నడిచేవాడు పరిగెత్తక ఏం చేస్తాడు? తప్పు తీసినవాడిది కాదు, ఆడించినవాడిది. రంగు సంగతీ అంతే. మూకీలన్నీ తెలుపూ నలుపూ అనుకుంటాం కానీ, రాత్రి సన్నివేశానికి నీలం, దీపం వెలుతురుకి పసుపు, అగ్నిప్రమాదానికి ఎరుపు అద్దకం పట్టించిన ప్రింట్లు హాళ్లకి వెళ్లేవి. పెద్ద ఊళ్లలో తెర ముందు ఆర్కెస్ట్రానే ఉండేది. ఆ రంగులు పోయాయి, వాద్యగాళ్లు పోయారు, ప్రింటుకి ప్రింటు తీసి దానికి మళ్లీ ప్రింటు తీసేసరికి మొహాల్లో వివరాలూ చెరిగిపోయాయి. మనం చూసి నవ్వింది ఆ శిథిలాన్ని. బ్రౌన్లో చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. పుస్తకంలో మిగతాదంతా దీనికి సాక్ష్యం.

సాక్ష్యం అన్న మాట ఊరికే వాడలేదు. ఆనాటి దర్శకులు, నటులు, కెమెరామన్లు, ఎడిటర్లు, స్టంటువాళ్లు చాలామంది 1960లలో ఇంకా బతికే ఉన్నారు. కాలిఫోర్నియా ఇళ్లల్లో, ఎవరూ పలకరించని వృద్ధాప్యంలో ఉన్నారు. ఊరేగింపు వెళ్లిపోయిందని చెప్పే పుస్తకం పేరు వాళ్ల స్థితికి చక్కగా సరిపోయింది. బ్రౌన్లో టేపు రికార్డరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లాడు. ఇంకో రెండుమూడేళ్లు తాత్సారం చేసి ఉంటే కథ వేరే. అతను కలిసిన నటుల్లో బస్టర్ కీటన్, ఫ్రాన్సిస్ ఎక్స్. బుష్‌మన్ 1966లో, రెజినాల్డ్ డెన్నీ 1967లో కన్నుమూశారు. ముగ్గురూ అచ్చయిన పుస్తకం చూడలేదు.

ఇక కూర్పు. పుస్తకం ఏళ్ల వరసలో నడవదు, తారల వరసలోనూ నడవదు. పనుల వరసలో నడుస్తుంది. ముందు కెమెరా పని మీద ఒక సాధారణ అధ్యాయం, వెంటనే చార్లెస్ రోషర్ అనే ఒక్క కెమెరామన్. ఎడిటింగ్ మీద ఒకటి, ఆ తర్వాత మార్గరెట్ బూత్, విలియం హార్న్‌బెక్ అనే ఎడిటర్లు. కామెడీ గురించి చెప్పి ఆపైన డెన్నీ, హెరాల్డ్ లాయిడ్, కీటన్, చాప్లిన్. దూరం నుంచి మొత్తం చూపించి, తర్వాత దగ్గరికెళ్లి ఒక్క మొహం మీద ఆగడం అన్నమాట. సినిమా కోసేవాడికి ఇది చేతికి అలవాటైన పని. వ్యాసాలు రాసేవాళ్లకి ఇంత సులువుగా రాదు.

రోషర్ అధ్యాయంలో ఒక చోటు చూడండి. 1921లో వచ్చిన ‘లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్’లో మేరీ పిక్‌ఫర్డ్ తల్లీ తనే, కొడుకూ తనే. ఒక షాట్‌లో కొడుకు తల్లిని ముద్దు పెట్టుకుంటాడు, అంటే మేరీ మేరీకి ముద్దు పెడుతుంది. కంప్యూటర్లు లేవు, విడివిడిగా తీసిన బొమ్మల్ని ఒకే ఫిల్ము మీద కలిపే ఆప్టికల్ ప్రింటర్లు ఇంకా పక్వానికి రాలేదు. ఫిల్ము మీద ఒక సగం కప్పి తీసి, వెనక్కి తిప్పి, రెండో సగం తీయాలి. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా బుగ్గ ఒకచోట, పెదవి ఒకచోట పడతాయి. తెరమీద సుమారు 3 సెకన్లు ఉండే ఆ షాటుకి 16 గంటలు పట్టిందని రోషర్ లెక్క. ఇక్కడ బ్రౌన్లో తన వంతు మెచ్చుకోలుగా ఒక్క విశేషణం కూడా కలపడు. కెమెరా కదలకుండా ఎలా బిగించారో రోషర్ చేతే చెప్పించి పక్కకి తప్పుకుంటాడు. పిక్‌ఫర్డ్ ఓర్పు ఎలాంటిదో ఆ రెండు అంకెల్లోనే తెలిసిపోతుంది. ఎడిటర్ నేర్చిన సంయమనం ఇదే.

అదే సంయమనం ఇంకో చోటా కనిపిస్తుంది. దర్శకుడు గ్రిఫిత్ 1916లో తీసిన ‘ఇన్‌టాలరెన్స్’ కోసం వేసిన బాబిలోన్ సెట్టింగు, స్తంభాల మీద నిలబడ్డ పెద్దపెద్ద ఏనుగు బొమ్మలు సినిమా చరిత్ర పుస్తకాలన్నింటిలోనూ ఉంటాయి. ఆ సినిమాకి చారిత్రక వివరాలు వెతికిపెట్టినవారిలో జోసెఫ్ హెనబెరీ ఒకడు. అంతకుముందు ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో లింకన్ వేషం వేసింది అతనే. గ్రిఫిత్‌కి ఏనుగులు కావాలి. బాబిలోన్‌లో ఏనుగు బొమ్మలున్నాయనడానికి హెనబెరీ పుస్తకాలన్నీ తిరగేసినా ఒక్క ఆధారం దొరకలేదు. చివరికి ఇంకొకాయన ఎక్కడో ఏదో ప్రస్తావన పట్టుకొచ్చాడు. అంతే, గ్రిఫిత్ సంబరంగా దాన్ని అందిపుచ్చుకున్నాడు. ఏనుగులు లేచాయి. మన పౌరాణికాల సెట్టింగులు చూసి పెరిగినవాళ్లకి ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు! దర్శకుడికి కావాలనిపిస్తే చరిత్ర ఏదో ఒక మూల నుంచి ఒప్పుకుంటుంది. హెనబెరీ దీన్ని ఫిర్యాదుగా చెప్పడు, గొప్పగానూ చెప్పడు. ఆఫీసులో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్తాడు. ఆ గొంతు చెడకుండా కాగితం మీద పెట్టడంలోనే రచయిత పనితనం ఉంది.

పుస్తకానికి తలమానికం మాత్రం ‘బెన్‌హర్’ అధ్యాయం. 1959 నాటి చార్ల్‌టన్ హెస్టన్ సినిమా కాదు, 1925 నాటి మూకీ. ఇటలీలో షూటింగు మొదలై, డబ్బు నీళ్లలా కారిపోయి, మధ్యలో దర్శకుణ్ణి మార్చి, హీరోనీ మార్చారు. చార్లెస్ బ్రాబిన్ పోయి ఫ్రెడ్ నిబ్లో, జార్జ్ వాల్ష్ పోయి రమోన్ నొవారో వచ్చారు. ఆఖరికి అంతా మూటగట్టుకుని కాలిఫోర్నియాకి తిరిగొచ్చారు. రథాల పందెం అక్కడే తీశారు. ఆ గుర్రప్పందెం మైదానంలో కింది భాగమే నిజం కట్టడం. పైనున్న ప్రేక్షకుల వరసలు కెమెరా ముందు వేలాడదీసిన చిన్న నమూనా. రెండూ ఒకదానికొకటి సరిగ్గా అతికేలా కెమెరా పెట్టారు. ఈ వివరాలు ఇంకెక్కడైనా దొరకొచ్చు. దొరకనిది ఇటలీ తీరంలో తీసిన ఓడల యుద్ధం గురించి బ్రౌన్లో రాసిన తీరు. నిజంగానే ఓడకి నిప్పంటుకుంది, ఎక్స్‌ట్రాలు సముద్రంలోకి దూకారు. ఎవరైనా చనిపోయారా? అక్కడే ఉన్న మనుషుల మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. పోయారంటారు ఒకరు, ఎవరూ పోలేదంటారు ఇంకొకరు. నలభై ఏళ్ల తర్వాత తీర్పు చెప్పడం సులువే, పుస్తకం రక్తి కడుతుంది కూడా. బ్రౌన్లో ఆ పని చేయడు. ఎదురెదురు సాక్ష్యాల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి వదిలేస్తాడు. చదివేవాడికి ఒళ్లు జలదరించేది అక్కడే.

తారల దగ్గరికొస్తే, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ అప్పటికే లేడు. అతని గురించి దర్శకుడు అలన్ డ్వాన్ చెప్పిన ముచ్చట ఉంది. 1922 ‘రాబిన్‌హుడ్’ కోసం వేసిన కోట సెట్టింగు చూసి ఫెయిర్‌బాంక్స్ బెంబేలెత్తిపోయాడు. ఇంత పెద్ద కోట ముందు నేనెక్కడ కనిపిస్తాను, ఈ సినిమా వద్దు అన్నాడు. డ్వాన్ అతన్ని లోపలికి తీసుకెళ్లి, పైనుంచి కిందికి వేలాడుతున్న పెద్ద తెర చూపించాడు. తెర వెనక పిల్లలు జారే జారుడుబల్ల లాంటిది దాచి ఉంది. శత్రువులు చుట్టుముడితే ఈ తెర మీదుగా ఇలా జారిపోతావు అని చేసి చూపించాడు. ఫెయిర్‌బాంక్స్ తనూ జారాడు, మళ్లీ ఎక్కి మళ్లీ జారాడు, మనుషుల్ని పిలిచి మరీ చూపించాడు. సినిమా నిలబడింది. కోట్లమంది ఆరాధించిన హీరోలో ఉన్న చిన్నపిల్లాణ్ణి పట్టివ్వడానికి ఇంతకు మించిన జీవితచరిత్ర అక్కర్లేదు.

బెట్టీ బ్లైత్‌కి కేటాయించిన పేజీల విలువ వేరు. ఆమె 1921లో ‘క్వీన్ ఆఫ్ షీబా’లో రాణి. అప్పట్లో పెద్ద హంగామా చేసిన సినిమా. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ కంపెనీ ఫిల్ముల గోడౌన్ తగలబడింది. ఆ కంపెనీ మూకీలు చాలావరకు బూడిదయ్యాయి. షీబా రాణి పూర్తి ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు, కొన్ని తునకలు తప్ప. కాబట్టి ఆ ముసలావిడ కూర్చుని చెప్పిన నాలుగు మాటలే ఇప్పుడు ఆ సినిమా. అమెరికాలో తీసిన సుమారు 11,000 మూకీ కథాచిత్రాల్లో, విడుదలైన రూపంలోనే పూర్తిగా మిగిలినవి 14 శాతమని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. ఈ అంకె తెలిశాక పుస్తకం ఇంకా బరువెక్కుతుంది.

కీటన్ గొంతు పూర్తిగా వడ్రంగి గొంతు. ‘షెర్లాక్ జూనియర్’లో తెరలోకి నడిచి వెళ్లిన ప్రొజెక్టర్ ఆపరేటర్ చుట్టూ దృశ్యం టపటపా మారిపోతుంది. తోట, వీధి, కొండ అంచు, సింహాలు, సముద్రం, మంచు. మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటాడు. ఇదెలా చేశారో తెలుసుకోవడానికి సాటి కెమెరామన్లు మళ్లీమళ్లీ హాలుకెళ్లి చూశారట. కీటన్ జవాబు భూమి కొలిచేవాళ్ల పరికరాల గురించి! ప్రతి చోటా కెమెరాకీ మనిషికీ మధ్య దూరం, ఎత్తు అంగుళంతో సహా సరిచూసుకున్నారు. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందుగోడ మొత్తం మీద పడితే తెరిచి ఉన్న కిటికీ సందులోంచి బతికిపోయే షాటూ అంతే. భుజానికీ చట్రానికీ మధ్య అంగుళాల తేడా. అభినయం, ప్రతిభ లాంటి మాటలు అతని నోట రావు. కొలత, కర్ర, గుంట, బరువు అంటాడు. అలా అంటున్నప్పుడు అడ్డుపడకుండా ఉండటం ఇంటర్వ్యూ చేసేవాడికి పెద్ద పరీక్ష.

చాప్లిన్ విషయంలో పద్ధతి మార్చాడు. కూర్చోబెట్టి అడిగే బదులు, నిలబడి చూశాడు. 1966లో పైన్‌వుడ్ స్టూడియోలో మార్లన్ బ్రాండో, సోఫియా లారెన్‌లతో ‘ఎ కౌంటెస్ ఫ్రమ్ హాంకాంగ్’ తీస్తుండగా బ్రౌన్లో సెట్‌కి వెళ్లాడు. తోడు గ్లోరియా స్వాన్సన్. 1915లో చాప్లిన్ సినిమాలో చిన్న వేషం వేసి, తర్వాత తనే పెద్ద తార అయిన మనిషి. చాప్లిన్ నటులకు వివరించడు. ప్రతి పాత్రా తనే వేసి చూపిస్తాడు, తలుపు తీయడం, తిరగడం, చూడటంతో సహా. బ్రాండో దాన్ని తిరిగి చేయాలి. ఆ సినిమా అంతంతమాత్రం. దాన్ని తీస్తుండగా చూసిన ఈ పేజీలు మాత్రం మూకీ నటన అంటే ఏమిటో కళ్లకు కట్టిస్తాయి.

ఫోటోల గురించి ఒక మాట. తార నవ్వుతూ నిలబడ్డ బొమ్మలు కూడా ఉన్నాయి, కానీ ఎక్కువ ఆకట్టుకునేవి కెమెరా వెనక తీసినవి. వేదిక మీదికెక్కిన కెమెరా, మెగాఫోను పట్టుకున్న దర్శకుడు, నటులకి మూడ్ తెప్పించడానికి సెట్ మీదే వాయిస్తున్న వాద్యగాళ్లు. ఫోటో ఉన్నచోటే దాని సంగతీ ఉంటుంది. పుస్తకం మధ్యలో మెరుపు కాగితాల మీద గుట్టగా పోసి చేతులు దులుపుకోలేదు.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. ప్రేమ ఎక్కువ. అమెరికాకి పోసినంత నూనె యూరప్ దీపానికి పోయలేదు. గాన్స్‌కి మాత్రం మనసారా చోటిచ్చి జర్మనీ, రష్యాలను త్వరగా దాటేశాడు. ఆసియా ఊసే లేదు. లోయిస్ వెబర్ లాంటి మహిళా దర్శకులకి దక్కాల్సినంత చోటు దక్కలేదు. మరోవైపు, అందరూ మరిచిపోయిన ఎడ్వర్డ్ స్లోమన్ అనే దర్శకుడికి డిమిల్ లాంటి పేరున్న దర్శకుడితో సమానంగా ఒక అధ్యాయం ఇవ్వగల ధైర్యమూ ఈ ప్రేమలోంచే వచ్చింది. నిర్మాతల అధ్యాయాలు మాత్రం నన్ను పెద్దగా పట్టి ఉంచలేదు.

మనవైపు చూసుకుంటే గుండె కలుక్కుమంటుంది. భారతదేశంలో 1,300 దాకా మూకీలు తయారయ్యాయని అంచనా. మిగిలినవి ముప్పై లోపే, వాటిలోనూ కొన్ని ముక్కలే. రఘుపతి వెంకయ్య నాయుడు, కొడుకు ప్రకాశ్ మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ మనకి చూడటానికి లేదు. టాకీల కాలం నుంచీ మనకి మంచి ఆత్మకథలున్నాయి. భానుమతి ‘నాలో నేను’, ముళ్లపూడి ‘కోతి కొమ్మచ్చి’ ఏ భాష పక్కనైనా తలెత్తుకు నిలబడతాయి. అయితే అవి ఎవరి కథ వారు చెప్పుకున్నవి. ‘మాయాబజార్’ వెన్నెలని కెమెరామన్ మార్కస్ బార్ట్లీ ఎలా తెరమీదికి తెచ్చాడు, గోఖలే, కళాధర్‌ల సెట్టింగులు ఎలా లేచాయి అని బతికుండగా వాళ్లనీ, వాళ్ల సహాయకులనీ వరసగా కూర్చోబెట్టి, ఒకరి మాట ఇంకొకరి మాటతో సరిచూసి రాసిన ఇలాంటి పుస్తకం మన అరలో కనిపించదు.

బ్రౌన్లో తర్వాతా ఆగలేదు. డేవిడ్ గిల్‌తో కలిసి థేమ్స్ టెలివిజన్‌కి 1980లో ‘హాలీవుడ్’ అనే 13 భాగాల ధారావాహిక తీశాడు. ‘నెపోలియన్’ రీళ్లని దేశదేశాల నుంచి పోగుచేసి అతికించాడు. 1979లో కొలరాడోలోని టెల్యురైడ్‌లో ఆ సినిమాని ఆరుబయట వేసినప్పుడు, 89 ఏళ్ల గాన్స్ హోటల్ కిటికీలోంచి చూశాడు. 2010లో బ్రౌన్లోకి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఒక సినిమా చరిత్రకారుడికి అది అరుదైన మర్యాద.

పుస్తకం సంపాదించగలిగితే మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. ‘బెన్‌హర్’ అధ్యాయంతో మొదలుపెట్టండి, తర్వాత కీటన్. కీటన్ అయ్యాక పుస్తకం మూసి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ చూడండి, గంటా పది నిమిషాలే. ఆ తర్వాత రోషర్, బూత్, హెనబెరీ ఏ వరసలోనైనా ఫర్వాలేదు. గాన్స్ అధ్యాయాన్ని మాత్రం ‘నెపోలియన్’ చూసేదాకా దాచుకోండి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2016లో విడుదల చేసిన ప్రతి ఐదున్నర గంటలుంది. సెలవు రోజు చూసుకుని కూర్చోండి.